పదకొండు మునకలు

చిత్తూరు గాంధీ బొమ్మకాడ జిరాక్సు అంగట్లో
పది రూపాయలిచ్చి ఫారం తీయించినాను.
డైవ్‌మాస్టర్ కోర్సు, పుదుచ్చేరి.
పేరు: డి. హంసవేణి. వయసు: ఇరవై మూడు.
ఇప్పటిదాకా వేసిన మునకలు:
ఆ గడికాడ పెన్ను నిలబడిపోయింది.

పదకొండు.
నలభై లేనిదే రావద్దని అడుగున రాసుంది,
బ్యాంకోళ్ళు రాసేటంత చిన్న అక్షరాల్లో.
రెండు ఒకట్ల పక్కన ఇంకో నిలువు గీత గీస్తే
నూట పదకొండు.
అంగడాయన ఫ్యాను కింద కునుకు తీస్తున్నాడు.
ఎవరు చూడొచ్చారు?

మా నాయన దొరసామికి మునకల లెక్కే లేదు.
బంగారుపాళెం చుట్టుపట్ల ఏ బావిలో మోటారు పడినా
ఆయన పాత ఎక్సెల్ బండి పోవాల్సిందే,
వెనక చుట్టలు చుట్టిన మోకుతో.
ఆయన మునిగితే
గట్టుమీద నేను వేళ్ళు మడిచి అంకెలు లెక్కపెట్టేదాన్ని.
డెబ్బై దాటితే అంకెలు మరిచిపోయేదాన్ని.
నాకు ఏడో ఏట, నడుముకి ఎండు సొరబుర్ర కట్టి
నీళ్ళలోకి తోసి చెప్పింది ఒకటే మాట:
బిగబట్టు.

పుదుచ్చేరిలో మొదటి రోజే చెప్పినారు:
ఏమైనా కానీ, ఊపిరి బిగబట్టొద్దు.
పీలుస్తూ ఉండు, వదులుతూ ఉండు,
పైకొచ్చేటప్పుడు నీ బుడగలకన్నా నిదానంగా రా.
పదహారేళ్ళ విద్యని
ఒంట్లోంచి తీసేసేదానికే నాలుగు మునకలు పోయినాయి.

తొమ్మిదోది.
పద్దెనిమిది మీటర్ల కింద మాస్కులోకి నీళ్ళు.
ఏం చేయాలో తెలుసు,
ఈతకొలనులో ఇరవైసార్లు చేసిందే.
తెలిసిందంతా తలలోనే ఉండిపోయి
చెయ్యి మాత్రం పోయి ఆర్ముగం సారు మోచెయ్యి పట్టుకుంది.
ఆయన విదిలించుకోలేదు, తొందర పెట్టలేదు.
నా కళ్ళలోకి చూస్తూ
తన బుడగలు తాను వదులుతూ ఉన్నాడు,
పొయ్యిమీద అంబలి ఉడికినట్టు, అదే తీరున.
కాసేపటికి నావీ ఆ వరసలో పడినాయి.

పడవెక్కినాక చూస్తే
ఆయన చేతిమీద నాలుగు ఎర్రటి నెలవంకలు.
లాగ్‌బుక్కులో రాసుకున్నాను:
లోతు, నిమిషాలు, సిలిండర్లో మిగిలిన గాలి.
నెలవంకలకి గడి లేదు.

రాత్రి నాయన ఫారం దీపం వెలుతురుకి పట్టి
కూడబలుక్కుని చదివినాడు.
"ఇది పాసైతే ఏం చేయాల?"
"కొత్తోళ్ళని నీళ్ళలోకి తీసకపోవాల."
"వాళ్ళకి భయమైతే?"
"నన్ను పట్టుకుంటారు."
"నీకైతే?"

బెంగళూరా కాయ ముక్కలు కోస్తూ, ఉప్పూ కారం అద్దుతూ,
నన్ను చూడకుండా చెప్పినాడు:
"అరగొండ దావలో ఒక బావి. పిల్లోడు పడినాడు.
నేను మోకుని రాతికి కడతా ఉంటే
వాళ్ళమ్మ నా వీపుమీద గుద్దతా ఉంది, దూకరా, దూకరా అని.
ముడిని రెండుసార్లు లాగి చూసుకున్నాకనే దిగినా."

"పిల్లోడు?"

"ఉండాడు. గుజ్జు ఫ్యాక్టరీలో పని.
నన్ను చూస్తే ఎందుకో తల దించుకుని పోతాడు."

ముక్క నమిలి, టెంక పారేసి,
"అప్పటికి నేను బావులు దిగబట్టి పన్నెండేళ్ళు మే.
మొదటి ఏడైతే ముడి మాట తోచదు,
దూకేసుందును.
ఇద్దరం పోయుందుము."

తెల్లారి ఆయనతోబాటు మొగిలి కాడ బావిలో దిగినాను.
బురద నీళ్ళు, కన్ను పొడుచుకున్నా కానరాదు.
వేళ్ళతోనే మోటారు చెవి వెతికి తాడు దూర్చి
పైకొచ్చి, రొప్పుతూ అడిగినాను:
"దీన్ని పన్నెండోదిగా రాసుకోనా నాయనా?"
"బావి లెక్క సముద్రం ఒప్పుకోదు," అన్నాడు,
మోకు లాగుతూ.

ఫారం బియ్యం డబ్బా కింద ఉంది.
ఆ గడిలో పదకొండే రాసినాను,
పెన్సిలుతో.
కాయలు తెగినాక పుదుచ్చేరి బస్సు.
నా గోళ్ళు మాత్రం
నిన్ననే పొట్టిగా కత్తిరించుకున్నాను.